పర్సనల్ పోస్ట్ పెడితే ఉద్యోగం ఊడాల్సిందేనా? యాంకర్ల సొంత అభిప్రాయాలపై గొడవ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతోంది?

ఐదు రోజుల ఉద్యోగం. మూడో రోజు షో అయిపోయాక పిలిచి, రేపట్నుంచి రానక్కర్లేదు అన్నారు. కారణం.. ఇన్‌స్టాగ్రామ్‌లో షేర్ చేసిన ఒక పోస్ట్. మిగిలిన రెండు రోజుల పని దగ్గర మొదలైన ఆ గొడవ ఏడాదిన్నర తర్వాత ఫెడరల్ కోర్టు తీర్పు దాకా వెళ్లింది. ఉద్యోగం తీసేసిన సంస్థకు లాయర్ల ఖర్చే 20 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది. మన లెక్కలో 11 కోట్ల రూపాయలకు పైమాటే.

ఇలాంటి సీన్ ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. యాంకరో, కామెంటేటరో తన సొంత అకౌంట్‌లో ఏదో రాస్తారు. గంటలోపే స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులకు చేరిపోతాయి. 'ఈ మనిషిని తీసెయ్యండి' అంటూ ఛానెల్‌ను ట్యాగ్ చేసి వందల మెసేజ్‌లు. ఒక వర్గం భావప్రకటనా స్వేచ్ఛ అంటుంది. ఇంకో వర్గం మా మనోభావాలు దెబ్బతిన్నాయి అంటుంది. వారం తిరక్కుండా మరో యాంకర్ విషయంలో ఆ రెండు వర్గాలే సీట్లు మార్చుకుంటాయి.

మరి నిజంగా తీసెయ్యాలా? తీసేస్తే ఏ లెక్కన? ఈ ప్రశ్నపై పూర్తిస్థాయి విచారణ జరిగి, ఆఫీసులో అంతర్గతంగా నడిచిన ఈమెయిళ్లతో సహా బయటికొచ్చిన కేసు ఒకటుంది. ముందు అదే చూద్దాం.

సిడ్నీలో ఆ మూడు రోజులు

ఆస్ట్రేలియాలో ఏబీసీ అంటే ప్రజల డబ్బుతో నడిచే ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ. మన దూరదర్శన్, ఆకాశవాణి రెండూ కలిపినట్టు అనుకోవచ్చు. (అమెరికాలో ఉన్న ఏబీసీ వేరు, దాని కథ కూడా కింద వస్తుంది.) 2023 డిసెంబర్ 18, సోమవారం. ఏబీసీ రేడియో సిడ్నీ మార్నింగ్ షోకి రెగ్యులర్ హోస్ట్ సెలవులో ఉండటంతో ఐదు రోజుల కోసం ఆంటోనెట్ లతూఫ్ అనే జర్నలిస్టును తీసుకున్నారు. ఆమెది లెబనాన్ మూలాలున్న కుటుంబం. గాజా యుద్ధంపై అంతకుముందు నుంచే గట్టిగా మాట్లాడుతున్న మనిషి.

ఆమె మైక్ ముందు కూర్చున్న మొదటి రోజే ఫిర్యాదుల ఈమెయిళ్లు మొదలయ్యాయి. ఇక్కడొక విషయం గమనించాలి. ఆ ఫిర్యాదులు ఆమె షోలో అన్న మాటల మీద కాదు. షోలో నడిచింది పండగ సీజన్ కబుర్లు, లైట్ టాపిక్స్. ఇజ్రాయెల్‌పై ఆమె అభిప్రాయాలు ఇలాంటివి కాబట్టి అసలు ఆ కుర్చీలో కూర్చోబెట్టొద్దనేది డిమాండ్. అది ఎవరికి వారు రాసిన ఫిర్యాదుల్లా లేదని, ఇజ్రాయెల్ అనుకూల లాబీ పద్ధతి ప్రకారం నడిపిన ప్రచారమని తర్వాత కోర్టు కూడా గుర్తించింది.

మంగళవారం, డిసెంబర్ 19న ఆమె తన ఇన్‌స్టాగ్రామ్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ పోస్ట్ ఒకటి షేర్ చేశారు. గాజాలో ఆకలిని యుద్ధ ఆయుధంగా వాడుతున్నారని ఇజ్రాయెల్ ప్రభుత్వంపై ఆ సంస్థ చేసిన ఆరోపణ అది. ఆ సంస్థ ఇలా చెబుతోంది అంటూ పైన ఒక లైన్ పెట్టారు. అంతే. విచిత్రం ఏంటంటే అదే రిపోర్ట్‌ను ఏబీసీ కూడా తన వార్తల్లో ఇచ్చింది.

బుధవారం షో ముగిసింది. పిలిచి, గురు, శుక్రవారాలు రావొద్దన్నారు. ఐదు రోజుల డబ్బూ ఇచ్చారు.

తర్వాత కోర్టులో బయటపడిన ఈమెయిళ్లు చూస్తే, ఆ మూడు రోజులు ఏబీసీ పై అంతస్తులో ఎంత కంగారు నడిచిందో అర్థమవుతుంది. అప్పటి ఛైర్‌పర్సన్ ఇటా బట్రోస్ ఒక మెయిల్‌లో, ఆమెకు ఫ్లూనో కోవిడో కడుపు నొప్పో వచ్చిందని చెప్పించకూడదా అన్న అర్థంలో రాశారు. అది లతూఫ్ పరువు పోకుండా తప్పుకోవడానికి ఒక దారి అనుకున్నానని బట్రోస్ కోర్టులో చెప్పుకొచ్చారు. మన ఆఫీసుల్లో కూడా 'హెల్త్ బాలేదని లీవ్ పెట్టెయ్' అనే మాట వినని వాళ్లుండరు. కాకపోతే అది కోర్టు రికార్డులోకి ఎక్కడం అరుదు.

చెప్పింది ఆర్డరా, సలహానా?

ఏబీసీ వాదన ఇదీ.. అభిప్రాయం కోసం ఆమెను తీసెయ్యలేదు, ఇజ్రాయెల్-గాజా గురించి ఏమీ పోస్ట్ చెయ్యొద్దని మేనేజర్ చెప్పిన ఆదేశాన్ని మీరింది కాబట్టి ఆపాం. వినడానికి సబబుగానే ఉంది. ఏ ఉద్యోగంలోనైనా పైవాళ్ల ఆదేశం ఆదేశమే.

కానీ సాక్ష్యాలు విన్నాక జడ్జి డారిల్ రంగయ్య తేల్చింది వేరు. మేనేజర్ ఆమెకు ఇచ్చింది సలహా మాత్రమే, ఆదేశం కాదు. వివాదమయ్యేవి పెట్టకుండా ఉంటే మంచిది అన్నారే గానీ, పెడితే ఉద్యోగం ఉండదని ఎవరూ చెప్పలేదు. అంటే లేని రూల్‌ను అప్పటికప్పుడు సృష్టించి దాని కింద శిక్ష వేసినట్టు అయింది. పైగా ఏబీసీ ఉద్యోగుల ఒప్పందం ప్రకారం తప్పు జరిగిందని అనుమానం వస్తే ముందు ఆ ఉద్యోగికి చెప్పి, వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలి. అదీ ఇవ్వలేదు.

2025 జూన్ 25న తీర్పు వచ్చింది. గాజాలో ఇజ్రాయెల్ సైనిక చర్యను వ్యతిరేకించే రాజకీయ అభిప్రాయం ఆమెకు ఉండటం కూడా తొలగింపు కారణాల్లో ఒకటని, అది అక్కడి ఫెయిర్ వర్క్ చట్టానికి విరుద్ధమని కోర్టు చెప్పింది. రాజకీయ అభిప్రాయం కారణంగా ఉద్యోగిని తీసెయ్యకూడదని ఆ చట్టంలో నేరుగా రాసి ఉంది. 70 వేల ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం ఇమ్మన్నారు. సెప్టెంబర్‌లో దానిపై మరో లక్షా 50 వేల డాలర్ల జరిమానా పడింది. ఒక లాబీని శాంతపరచడానికి ఉద్యోగి హక్కులను వదిలేసుకున్నారంటూ ఆ సందర్భంలో జడ్జి ఏబీసీని గట్టిగానే తప్పుబట్టారు. ఇంతకుముందు 85 వేల డాలర్లతో సెటిల్ చేసుకుందామని లతూఫ్ వైపు నుంచి ఆఫర్ వచ్చినా ఏబీసీ ఒప్పుకోలేదు. ఆ లెక్క మీరే వేసుకోండి.

అయితే ఆమె వేసిన ప్రతి పాయింట్‌నూ కోర్టు ఒప్పుకోలేదు. తన జాతి మూలాల వల్లే తీసేశారన్న వాదనను తిరస్కరించింది. ఇంకా ముఖ్యమైన సంగతి.. యాంకర్లు ఏది పడితే అది రాసుకోవచ్చని ఈ తీర్పు ఎక్కడా చెప్పలేదు. నిష్పాక్షికత కోసం సంస్థ రూల్స్ పెట్టుకోవడం తప్పని కూడా అనలేదు. రూల్ ఉంటే ముందే స్పష్టంగా చెప్పాలి, మీరారో లేదో విచారించాలి, ఆ మనిషి మాట వినాలి.. ఇవేవీ లేకుండా ఫిర్యాదుల వేడికి నిర్ణయం తీసుకున్నారు. తప్పు పట్టింది అక్కడ.

మరి అభిప్రాయం నిజంగానే దారుణమైతే?

లతూఫ్ కేసులో ఒక సౌలభ్యం ఉంది. ఆమె షేర్ చేసింది ఒక మానవ హక్కుల సంస్థ రిపోర్ట్. దాంతో విభేదించే వాళ్లుంటారు గానీ, అది తిట్టు కాదు. కష్టమైన కేసు కావాలంటే 2004 నాటి లండన్‌కి వెళ్లాలి.

రాబర్ట్ కిల్రాయ్-సిల్క్. ఒకప్పుడు లేబర్ పార్టీ ఎంపీ. 1986లో రాజకీయాలు వదిలి బీబీసీలో పొద్దుటి టాక్ షో మొదలుపెట్టారు. స్టూడియోలో మామూలు జనం కూర్చుంటారు. పెళ్లిళ్లు, పిల్లలు, పొరుగు గొడవలు, మతం, వలసలు.. ఏదైనా చర్చే. మైక్ పట్టుకుని జనం మధ్య తిరుగుతూ మాట్లాడించడం ఆయన పని. దాదాపు 17 ఏళ్లు నడిచింది.

2004 జనవరి 4న సండే ఎక్స్‌ప్రెస్ పత్రికలో ఆయన కాలమ్ వచ్చింది. అరబ్బులకు మనం రుణపడింది ఏమీ లేదనేది దాని సారాంశం. చమురు తప్ప వాళ్లు ప్రపంచానికి ఇచ్చిందేంటని అడిగారు. ఆత్మాహుతి బాంబర్లు, కాళ్లూ చేతులూ నరికేవాళ్లు, ఆడవాళ్లను అణచేవాళ్లు అంటూ మొత్తం జాతినంతా ఒకే గాటన కట్టేశారు. బ్రిటన్‌లో జాతి సమానత్వ కమిషన్ విషయాన్ని పోలీసుల దృష్టికి తీసుకెళ్లింది. జనవరి 9న బీబీసీ షో ఆపింది. వారం తర్వాత ఆయన పూర్తిగా తప్పుకున్నారు.

కిల్రాయ్-సిల్క్ సంజాయిషీ వింటే కాస్త ఆగి ఆలోచించాల్సి వస్తుంది. ఆ కాలమ్ పాతదని, 2003 ఏప్రిల్‌లోనే ఒకసారి అచ్చయిందని, ఆఫీసులో పొరపాటున మళ్లీ పంపేశారని చెప్పారు. బాధపెట్టినందుకు క్షమాపణ కూడా చెప్పారు. మరి ఏప్రిల్‌లో ఎవరికీ తగలని మంట జనవరిలో ఎందుకు తగిలింది? అభిప్రాయం అదే, మనిషి అదే, ఛానెల్ అదే. మారింది గొడవ సైజు ఒక్కటే. ఉద్యోగం పోవడానికి గొడవ సైజే కారణమైతే అది రూల్ కాదు, లాటరీ.

అయినా బీబీసీ చెప్పిన కారణంలో ఒక బలమైన పాయింట్ ఉంది. ఇలాంటి అభిప్రాయాలున్న వాళ్లు బీబీసీలో కనిపించకూడదని కాదు, గెస్టుగా రావొచ్చు, వాదించొచ్చు.. కానీ జనాన్ని కూర్చోబెట్టి చర్చ నడిపించే కుర్చీలో మాత్రం కుదరదు అన్నారు. ఇది ఒప్పుకోవాల్సిన మాటే. ఆ స్టూడియోలోకి రేపు ఒక అరబ్ ముస్లిం మహిళ వచ్చి కూర్చుంటుంది. తన జాతి గురించి ఈ మనిషి పేపర్లో ఏం రాశాడో ఆమెకు తెలుసు. మైక్ తన వైపు వస్తుందా, వస్తే సరిగ్గా వింటాడా అనే అనుమానం ఆమెకు రావడం సహజం. అంటే ఇక్కడ అభిప్రాయం అతని పనిలోకే వచ్చి కూర్చుంది. అదే మనిషి వంటల ప్రోగ్రామ్‌లో ఉంటే లెక్క వేరేగా ఉండేది.

ఇంకో సంగతి. ఆయన గొంతు మూగబోలేదు. అదే ఏడాది జూన్‌లో యూకిప్ పార్టీ తరఫున పోటీ చేసి యూరోపియన్ పార్లమెంటుకు వెళ్లిపోయారు. ఉద్యోగం పోవడమే ఎన్నికల ప్రచారం అయింది. తీసేస్తే ఆ అభిప్రాయం ఆగిపోతుందనుకునే వాళ్లకు ఇది గుర్తుంటే మంచిది.

ఫుట్‌బాల్ షోకి శరణార్థులతో ఏం పని?

కిల్రాయ్-సిల్క్ చర్చలు నడిపేవారు కాబట్టి సరే. మరి ఆటల యాంకర్ రాజకీయాలు మాట్లాడితే?

గ్యారీ లినేకర్ ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ మాజీ కెప్టెన్. 1999 నుంచి బీబీసీలో మ్యాచ్ ఆఫ్ ద డే షో నడిపారు. బీబీసీలో అత్యధిక పారితోషికం ఆయనదే, 2023 నాటికి ఏడాదికి దాదాపు 13 లక్షల 50 వేల పౌండ్లు. ఆ ఏడాది మార్చి 7న, చిన్న పడవల్లో వచ్చే శరణార్థులను అడ్డుకునే బిల్లుపై ట్వీట్ చేశారు. ప్రభుత్వం వాడుతున్న భాష 1930ల నాటి జర్మనీని గుర్తుచేస్తోంది అన్నారు. అధికార పార్టీ భగ్గుమంది. 10వ తేదీన బీబీసీ ఆయన్ను షోకి దూరంగా ఉండమంది.

ఆ తర్వాత జరిగింది టీవీ చరిత్రలో ఒక వింత. తోటి ఎక్స్‌పర్టులు ఇయాన్ రైట్, అలన్ షీరర్ మేమూ రామన్నారు. కామెంటేటర్లు కూడా తప్పుకున్నారు. శనివారం రాత్రి షో యాంకర్ లేకుండా, కామెంటరీ లేకుండా, ఉత్త మ్యాచ్ క్లిప్పులతో 20 నిమిషాల్లో ముగిసింది. చూసిన జనం మాత్రం ముందు వారం కంటే పెరిగారు! సోమవారానికి బీబీసీ డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ ప్రేక్షకులకు క్షమాపణ చెప్పారు, లినేకర్ వెనక్కి వచ్చారు.

గొడవకు మూలం ఇక్కడ కూడా రూలే. న్యూస్ చదివేవాళ్లకు నిష్పాక్షికత రూల్ కట్టుదిట్టంగా ఉంది. లినేకర్ న్యూస్ మనిషి కాదు, పైగా ఫ్రీలాన్సర్. ఆయనకు ఎంత వర్తిస్తుందో ఎవరి అర్థం వారిది. దాంతో బయటి నిపుణుడితో సమీక్ష చేయించి సెప్టెంబర్‌లో కొత్త మార్గదర్శకాలు తెచ్చారు. పెద్ద షోల ప్రెజెంటర్లు సమాజానికి సంబంధించిన విషయాలపై మాట్లాడొచ్చు. కానీ షో ప్రసారమయ్యే రోజుల్లో, దానికి రెండు వారాలు ముందూ వెనకా, పార్టీలను సమర్థించడం, తిట్టడం, రాజకీయ నాయకుల వ్యక్తిత్వంపై దాడి చేయడం కుదరదు. నచ్చినా నచ్చకపోయినా ఎక్కడ గీత ఉందో కనిపిస్తోంది.

రెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ ఇరుక్కున్నారు. 2025 మేలో జియోనిజాన్ని విమర్శించే ఒక పోస్ట్ షేర్ చేశారు, అందులో ఎలుక బొమ్మ ఉంది. యూదులను ఎలుకలతో పోల్చడం నాజీల ప్రచారంలో వాడిన పద్ధతి. ఆ బొమ్మ చూసుకోలేదంటూ డిలీట్ చేసి, క్షమాపణ చెప్పారు. కానీ ఈసారి ఆయన కోసం తోటివాళ్లు షో బాయ్‌కాట్ చెయ్యలేదు. సీజన్ చివర్లో ఎలాగూ మ్యాచ్ ఆఫ్ ద డే వదిలేస్తానని ముందే ప్రకటించి ఉన్నారు. 2026 వరల్డ్ కప్ దాకా ఉన్న మిగతా పని కూడా వదులుకుని బీబీసీ నుంచి పూర్తిగా వెళ్లిపోయారు. ఒకటి ప్రభుత్వ విధానంపై విమర్శ, ఇంకోటి ఒక జాతిని అవమానించే గుర్తు. మొదటిసారి నిలబడిన జనమే రెండోసారి కదల్లేదంటే.. ఆ తేడా వాళ్లకు అర్థమైందనే అనుకోవాలి.

ఛానెల్ నిర్ణయమా, పైనుంచి ఒత్తిడా?

2025 సెప్టెంబర్‌లో అమెరికాలో జరిగింది కొంచెం వేరే తరహా. అక్కడి ఏబీసీ లేట్ నైట్ షో హోస్ట్ జిమ్మీ కిమ్మెల్, చార్లీ కర్క్ హత్య తర్వాత ట్రంప్ మద్దతుదారుల తీరుపై షోలోనే మాట్లాడారు. కాబట్టి ఇది పర్సనల్ అకౌంట్ గొడవ కాదు. కానీ ప్రసార లైసెన్సులు చూసే ఎఫ్‌సీసీ ఛైర్మన్ బ్రెండన్ కార్ ఒక పాడ్‌కాస్ట్‌లో, ఇది సులువుగా అయినా తేల్చుకోవచ్చు, కష్టంగా అయినా తేల్చుకోవచ్చు అనే ధోరణిలో హెచ్చరించారు. కొన్ని గంటల్లో నెక్స్‌స్టార్ అనే స్టేషన్ల యజమాని సంస్థ ఆ షో వెయ్యబోమంది. అప్పటికి దానికి టెగ్నా అనే మరో సంస్థ కొనుగోలు డీల్‌కు ఎఫ్‌సీసీ అనుమతి కావాల్సి ఉంది. 17వ తేదీన షో నిరవధికంగా ఆగింది. జనం, నటులు, యూనియన్లు రోడ్డెక్కాక 23న తిరిగి మొదలైంది.

యజమాని తన ఉద్యోగిని ఆపడం ఒకటి. లైసెన్స్ చేతిలో ఉన్న అధికారి కన్నెర్ర చేస్తే యజమాని ఆపడం ఇంకొకటి. బయటికి రెండూ 'ఛానెల్ నిర్ణయం' లాగే కనిపిస్తాయి.

మన దగ్గర సంగతేంటి?

మనవాళ్లలో చాలామందికి ఒక అపోహ ఉంది. రాజ్యాంగం 19వ అధికరణం భావప్రకటనా స్వేచ్ఛ ఇచ్చింది కదా, ఛానెల్ ఎలా తీసేస్తుంది అంటారు. ఆ హక్కు ప్రధానంగా ప్రభుత్వం నుంచి రక్షణ. ప్రైవేట్ ఛానెల్ యాజమాన్యానికీ ఉద్యోగికీ మధ్య నడిచేది అపాయింట్‌మెంట్ లెటర్, కాంట్రాక్టు. రాజకీయ అభిప్రాయం వల్ల ప్రైవేట్ ఉద్యోగిని తీసెయ్యకూడదని ఆస్ట్రేలియాలోలా నేరుగా చెప్పే సెక్షన్ మన కార్మిక చట్టాల్లో కనిపించదు.

వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వచ్చింది 1955లో. దూరదర్శన్ పుట్టిందే 1959లో. కాబట్టి ఆ చట్టం పత్రికల్లో, వార్తా ఏజెన్సీల్లో పనిచేసే వాళ్లనే దృష్టిలో పెట్టుకుంది. టీవీ జర్నలిస్టులు దశాబ్దాల పాటు దాని బయటే ఉండిపోయారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో ఎలక్ట్రానిక్ మీడియాను కూడా నిర్వచనంలో చేర్చారు. అది కూడా అభిప్రాయాల గురించి ఏమీ చెప్పదు. ఇక కాంట్రాక్టు మీద, షోకి ఇంత అని పనిచేసే యాంకర్ సంగతి చెప్పక్కర్లేదు. తీసెయ్యడం కూడా అక్కర్లేదు, మళ్లీ పిలవకపోతే చాలు.

ఎలాగంటే, హైదరాబాద్ కుర్రాడు హర్షా భోగ్లేకి జరిగింది చూడండి. ఉస్మానియాలో చదివి, ప్రపంచ క్రికెట్‌కు గొంతుగా మారిన మనిషి. 2016 మార్చిలో టీ20 వరల్డ్ కప్ నడుస్తుండగా, మన కామెంటేటర్లు ఎప్పుడూ పక్క జట్టు గురించే మాట్లాడతారేంటని అమితాబ్ బచ్చన్ ట్వీట్ చేశారు. దీనికి కలపాల్సింది ఏమీ లేదంటూ ధోని దాన్ని రీట్వీట్ చేశారు. ఆ తర్వాత ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదలయ్యే ముందు భోగ్లే పేరు కామెంటరీ జాబితాలోంచి తప్పించారు. ఈ రెండింటికీ సంబంధం ఉందా లేదా అని అభిమానులు అప్పట్లో తెగ వాదించుకున్నారు. క్రికెట్ బోర్డు మాత్రం కారణం చెప్పలేదు. నాకెవరూ ఏమీ చెప్పలేదని భోగ్లేనే రాసుకున్నారు. ఆయన ఎవర్నీ తిట్టలేదు, ఏ వర్గాన్నీ అవమానించలేదు. తర్వాత మళ్లీ కామెంటరీకి వచ్చారు గానీ ఆ సీజన్ పోయినట్టే. లతూఫ్‌కి కనీసం కారణం ఏంటో తెలుసు, కోర్టులో దాన్ని ప్రశ్నించగలిగారు. కారణమే చెప్పకపోతే దేన్ని ప్రశ్నిస్తారు?

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో రకం ప్రమాదం ఉంది. 2025 జూన్‌లో ఒక తెలుగు న్యూస్ ఛానెల్ డిబేట్‌లో గెస్ట్ ఒకరు అమరావతి మహిళలను అవమానించేలా మాట్లాడారు. షో నడిపిన సీనియర్ జర్నలిస్టును ఏపీ పోలీసులు హైదరాబాద్ వచ్చి అరెస్ట్ చేశారు. గెస్ట్ మాటలకు యాంకర్ నవ్వారన్నది ఆయనపై వచ్చిన ఆరోపణల్లో ఒకటి. జూన్ 13న సుప్రీంకోర్టు ఆయన్ను విడుదల చెయ్యమంది. ఆ మాటలన్నది ఆయన కాదు కదా, నవ్వడం నేరమెలా అవుతుందన్న ధోరణిలో ప్రశ్నించింది. ఆ గెస్ట్ మాటలు దారుణమనడంలో రెండో అభిప్రాయం అక్కర్లేదు. అలాంటి మాటను అక్కడికక్కడే గట్టిగా ఆపడం యాంకర్ బాధ్యత, ఆపకపోతే ఛానెల్ అడగాలి. కానీ మన దగ్గర ఆ మధ్య మెట్లు ఉండవు. నోటీసు, వివరణ, సస్పెన్షన్ అనేవి లేకుండా విషయం నేరుగా స్టేషన్‌కి వెళ్లిపోతుంది.

మరి తీసెయ్యాలా, వద్దా?

ఇన్ని కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే, అభిప్రాయం ఎంత మంది మనసును నొప్పించిందన్నది సరైన కొలత కాదనిపిస్తుంది. నొప్పి నిజమే కావొచ్చు, కానీ దాన్ని ఈమెయిళ్ల లెక్కతో కొలిస్తే గ్రూపులు కట్టగలిగిన వాళ్లదే పైచేయి అవుతుంది. సిడ్నీలో జరిగింది అదే.

అడగాల్సింది ఆ మనిషి చేసే పని గురించి. ఎన్నికల డిబేట్ నడిపే యాంకర్ పొద్దున తన పేజీలో ఒక పార్టీకి ఓటెయ్యండని రాసి, రాత్రి అవతలి పార్టీ నేతను ప్రశ్నిస్తే ప్రేక్షకుడు నమ్మడు. అక్కడ ఆంక్ష ఉండాల్సిందే. 2010లో సీఎన్ఎన్ తన సీనియర్ మిడిల్ ఈస్ట్ ఎడిటర్ ఆక్టేవియా నస్ర్‌ను ఒక్క ట్వీట్‌కి పంపేసింది కూడా ఆ లెక్కనే. హిజ్‌బొల్లాతో పేరు ముడిపడిన ఒక మతగురువు చనిపోతే గౌరవం ప్రకటించారామె. 20 ఏళ్ల సర్వీసుకు అది మరీ కఠినమైన శిక్షే. అయినా ఆమె పని చూసే ప్రాంతం అదే కాబట్టి, సీఎన్ఎన్ దగ్గర చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. వాతావరణం చెప్పే అమ్మాయికో, మ్యూజిక్ షో చేసే అబ్బాయికో అదే కొలత పెడితే అర్థం లేదు. ఒక కులాన్నో, మతాన్నో, జాతినో మనుషులుగానే చూడని మాట అంటే మాత్రం ఏ షో అయినా ఒకటే. ఆ మాట విన్నాక ఆ వర్గం ప్రేక్షకుడు ఆ మొహాన్ని తన ఇంట్లో టీవీలో చూడాలనుకోడు.

అప్పుడు కూడా తీసేసే పద్ధతి ఒకటుంటుంది. అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ దీన్ని ఖరీదైన దారిలో నేర్చుకుంది. 2010 అక్టోబర్‌లో దాని విశ్లేషకుడు హువాన్ విలియమ్స్ ఫాక్స్ న్యూస్ షోలో, ముస్లిం వేషధారణలో ఉన్నవాళ్లను విమానంలో చూస్తే తనకు భయమేస్తుంది అన్నారు. నిజానికి ఆ చర్చలో ఆయన ముస్లింలందర్నీ ఒకే గాటన కట్టొద్దని కూడా వాదించారు. ఎన్‌పీఆర్ ఆయన్ను ఫోన్ చేసి తీసేసింది. ఆఫీసుకొచ్చి మాట్లాడతానన్నా అవకాశం ఇవ్వలేదని ఆయన చెప్పారు. పైగా ఆ భావాలేవో ఆయనకూ ఆయన సైకియాట్రిస్టుకూ మధ్య ఉంచుకోవాల్సింది అన్నట్టు మాట్లాడిన సీఈవో వివియన్ షిల్లర్, తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. తొలగింపు జరిగిన తీరుపై ఎన్‌పీఆర్ బోర్డు సమీక్ష చేయించింది. ఆ ఫోన్ చేసిన న్యూస్ హెడ్ 2011 జనవరిలో రాజీనామా చేశారు. సీఈవోకి 2010 బోనస్ ఆపేశారు. విలియమ్స్ మాత్రం ఉద్యోగం పోయిన మర్నాటికే ఫాక్స్‌తో దాదాపు 20 లక్షల డాలర్లకు, మూడేళ్ల కాంట్రాక్టు కుదుర్చుకున్నారు.